అవ్వ పెట్టె మూత

కంటి ఆపరేషన్ అయిన మూడు వారాలకు చూపు పరీక్షకు రమ్మంటే అనంతపురం పోయాను. మా అమ్మాయి బయట చీటీ కోసం నిలబడింది. నన్ను లోపల మసక వెలుతురు గదిలో కూర్చోబెట్టారు. చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె నా ఎడమ కంటికి అట్టముక్క అడ్డం పెట్టి, ఎదురుగా గోడ మీద వెలుగుతున్న పలక చూపించి, పైనుంచి ఒక్కో వరసా చదవమంది. మొదటి వరసలో ఒకే అక్షరం ఉంది, అరచేయంత. ర. నల్లగా, నిండుగా, తలకట్టు వచ్చి గుండ్రాన్ని కలుసుకునే మూలలో చిన్న గాటుతో.

నేను నోరు తెరవలేదు. కనపడలేదేమో అనుకుని ఆమె పలకను ఇంకొంచెం వెలిగించింది. కనపడక ఏం. ఆపరేషనుకు ముందు లోకమంతా మజ్జిగలో ముంచినట్టున్న రోజుల్లో కూడా ఆ గాటు నాకు కనపడుతూనే ఉండేది. బస్సుల నెత్తిన కనపడేది. మందుల డబ్బాల మీద, కరెంటు బిల్లు మీద, మా మనవరాలి ఫోనులో కనపడేది. ముప్పై ఏళ్ళుగా నేను ఎక్కడికి పోతే అక్కడికి వచ్చింది.

ఆ అక్షరాలు చేసిన మనిషి మా పక్కింటి పిల్ల. తెలుగు అక్షరానికి కొత్త ఊపిరి పోసిన మనిషని పేపర్లు రాస్తాయి. అక్షరాలు గీసేవాళ్ళకు ఆమె గురువట. రాసుకోనీ. నా లెక్కలో ఆమె మా నాయనను నా దగ్గర నుంచి లాక్కున్న మనిషి. డాక్టరు నా కంట్లో పొర తీశాడు గానీ, కడుపులో మంట తీయడం ఆయన చదువులో లేదు.

మా నాయనది అచ్చాఫీసు. అచ్చాఫీసనగానే పెద్ద మిషన్లూ పదిమంది పనివాళ్ళూ అనుకోవద్దు. ఇంటి ముందుగది, అంతే. అందులో కాలితో తొక్కే మిషను ఒకటి, గోడ పొడుగునా గళ్ళు గళ్ళుగా చేసిన చెక్క అరలు, ఆ గళ్ళల్లో సీసపు అక్షరాలు. గుడులు ఒక అరలో, కొమ్ములు ఒక అరలో, వత్తులన్నీ వేరే. నాయన అటు చూడకుండానే చెయ్యి పోనిచ్చి, కావలసిన అక్షరాన్ని ఏరి, ఎడమచేతిలోని ఇనుప పట్టీలో పేర్చేవాడు. సిరా వాసన, అక్షరాలు కడిగే సీమనూనె వాసన, మైదా ఉడికించిన బంక వాసన. ఈ మూడూ కలిస్తే అది మా నాయన వాసన.

పొద్దున్నే ఎదురు హోటలు నుంచి ఉగ్గాణీ బజ్జీ వచ్చేది. దాన్ని కట్టిన కాగితం కూడా మా దగ్గర చెడిపోయిన కాగితమే. బజ్జీ నూనె తగిలి ఎవరి పెళ్ళిపత్రికో మళ్ళీ పైకి తేలేది. అది చదువుకుంటూ తినడం నాకు అలవాటు. సీసపు అక్షరాలు అద్దంలో లాగా తిరగబడి ఉంటాయి. నాకు ఎనిమిదేళ్ళకే వాటిని తిరగబడ్డట్టే గడగడా చదవడం వచ్చేసింది. వచ్చినవాళ్ళ ముందు నాయన నన్ను నిలబెట్టి చదివించి, "మా పాప సూడప్పా," అనేవాడు. మా పక్క ఆడపిల్లను పాప అనే పిలుస్తారు, అందులో వింతేమీ లేదు. అయినా నాయన నోట ఆ 'మా పాప' విన్న రోజు నాకు అన్నం కూడా అక్కర్లేదు.

పక్కిల్లు పరుపులు కుట్టేవాళ్ళది. ముస్లింలే అయినా ఇంట్లో మాలాగే తెలుగే మాట్లాడేవాళ్ళు. ఆ ఇంటాయనను నాయన అన్నా అనేవాడు. ఆయన పెద్ద విల్లు లాంటి కట్టెకు కట్టిన నరాన్ని కొట్టి దూది ఏకుతుంటే టంగు టంగుమని మా గోడ అదిరేది. వాళ్ళ బిడ్డ నా ఈడుది, నా తరగతే. పొయ్యి అంటించడానికి మా దగ్గర మిగిలిన కత్తిరింపు కాగితాలు పట్టుకుపోవడానికి వచ్చేది. జుట్టులో ఎప్పుడూ దూది పింజలు. వచ్చింది పోకుండా గడప మీద నిలబడి నాయన చేతులనే చూసేది. నాకు అప్పుడే నచ్చలేదు.

వారం రోజులు నోరు మెదపకుండా చూసి, ఒకరోజు ఆరబెట్టిన కాగితంలో ఒక 'అ' మీద వేలు పెట్టింది.

"మామా, దీనికి దూది ఎక్కువ కూరినట్టుండాది," అంది.

నాయన నవ్వాడు. నేనూ నవ్వాను, ఇంకా గట్టిగా. ఆ పిల్ల నవ్వలేదు. దిండు కుట్టేటప్పుడు మూలల్లో కొంచెం వదులు పెట్టాలట, లేకపోతే దూదంతా మూలకు చేరి గడ్డ కడుతుందట. ఈ అక్షరం కూడా మూలల్లో గడ్డ కట్టిందట. నాయన నవ్వు ఆపి, ఆ కాగితం అందుకుని, కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు చూశాడు.

ఆ రాత్రి సంకటి ముందు కూర్చుని అమ్మతో అదే మాట. అందరూ అక్షరం చూస్తారు, ఆ పిల్ల అక్షరం కడుపు చూస్తాంది అన్నాడు. ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వేయమని కూడా అడగలేదు, అంత పరాకు. నేను ముద్దను కంచంలోనే పిసుకుతూ కూర్చున్నాను. ఆ చూపు నాకెందుకు లేదో నాకు అర్థం కాలేదు. మర్నాడు నాయన గడప వైపు చూసి "రా పాపా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. కానీ పిలిచింది నన్ను కాదు.

అప్పటినుంచి నేను ఊరుకోలేదు. ఆమె చెప్పులు మిషను కింద దాచేదాన్ని. ఆమెకిచ్చే కాగితాలను తొట్టి నీళ్ళతో తడిపిపెట్టేదాన్ని, పొయ్యిలో అంటుకోకుండా. ఆ పిల్ల వాటిని ఎండబెట్టుకుని, బొగ్గుతో వాటి మీద అక్షరాలు గీయడం మొదలుపెట్టింది. తడిసి ఆరిన కాగితం మీద బొగ్గు బాగా పట్టుకుంటుందని నాయనకు చూపించి మెప్పు కూడా కొట్టేసింది. నేను తవ్విన గుంతలోంచి ఆమె బావి నీళ్ళు తోడుకున్నట్టు ఉండేది ప్రతిసారీ.

ఆ ఏడాది వాన లేదు. బుడ్డలంటే వేరుశనక్కాయలే, ఆ విత్తనాలు చేలల్లోనే మాడిపోయాయి. వానలు లేకపోతే పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేకపోతే మా మిషను కదలదు. నాయన పనిలేక అక్షరాలను గడి గడికీ తీసి తుడిచి మళ్ళీ పెట్టేవాడు. ఉన్న సిరాలో సీమనూనె కలిపి పలచన చేసి వాడుతుండేవాడు.

అట్లాంటి ఎండాకాలంలో ముదిగుబ్బ పక్క ఊరినుంచి నలుగురు గొర్రెలవాళ్ళు కంబళ్ళు భుజాన వేసుకుని వచ్చారు. వాన కోసం ఊళ్ళో నాటకం ఆడించుకుంటున్నారట, చుట్టూ ఊళ్ళకు గోడకాగితాలు కావాలట. నాయన ఉన్న అక్షరాల్లో పెద్దవి చూపించాడు. వాళ్ళలో పెద్దాయన పెదవి విరిచాడు.

"ఇవి మా కంటికి ఆనవప్పా. గుట్టమీద గొర్రెలు కాసేటోనికి కనపడల్ల. పైన 'రండి' అని పెద్దగా ఉంటే సాలు, మిగతాది దగ్గరికొచ్చి సదువుకుంటారు."

అంత పెద్ద అక్షరాలు సీసంలో మా దగ్గర లేవు. చెక్కతో చెక్కాలి. మంచి టేకు కావాలి. టేకు కొనే పరిస్థితి లేదు.

మా ఇంట్లో టేకు ఒకచోటే ఉంది. మా అవ్వ పెట్టె. అవ్వ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె అది. అందులో అవ్వ చీరలు, ఎండిన వేపాకు, పాత గాజులు ఉండేవి. తెరిస్తే కర్పూరం వాసన. తన తర్వాత అది నాకేనని అవ్వ పదిమందిలో చెప్పింది. దాని మూత మీద కూర్చుని నేను బుడ్డలు వలుచుకుని తినేదాన్ని. ఆ మూతను నాయన ఒకరోజు తీసుకుపోయి రంపంతో కోశాడు. అవ్వ అరుగు మీద కూర్చుని, వీనికి చెక్క కనపడితే సాలు, నన్ను పాడె మీద మోసుకుపొయ్యేటప్పుడు ఆ కట్టెలు కూడా కోసుకుంటాడేమో అని తిట్టింది. తిట్టి, ముక్కలు కిందపడకుండా తనే పట్టుకుంది. పట్టుకోనిది నేనొక్కదాన్నే.

ఆ ముక్కల మీద అక్షరాలు గీసింది ఆ పిల్ల. నూనె రాసిన కాగితం మీద గీసి, దాన్ని చెక్క మీద బోర్లించి అంటిస్తే అక్షరం తిరగబడి కనపడుతుంది. ఆ గీత వెంబడి చెక్కాలి. మొదట నాయన చెక్కాడు. తర్వాత ఉలి ఆమె చేతికిచ్చి, తన చెయ్యి ఆమె చెయ్యి మీద పెట్టి నేర్పించాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నా చెయ్యి మీద ఆయన చెయ్యి ఎప్పుడూ పడలేదు. నాకు చదవడం వస్తే చాలనుకున్నాడు.

నాయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ చెక్క ఎవరు చెక్కితే వాళ్ళు దాని వెనకవైపు తమ గుర్తు వేయాలి. రేపు అందులో మంచున్నా చెడ్డున్నా ఎవరి చెయ్యో తెలియాలి అనేవాడు. ఆయన గుర్తు ఒక నిలువు గీత. ఆ పిల్ల దూదేకే విల్లును గుర్తుగా పెట్టుకుంది. ముఖం మాడ్చుకున్న నన్ను చూసి నాయన కాగితం మీద ఒక బుడ్డకాయ గీసి, ఇది నీ గుర్తు, నువ్వూ ఏదైనా చెక్కు, వేద్దాం అన్నాడు. రెండు గింజల బుడ్డకాయ, నడుం దగ్గర నొక్కుతో. అందరూ నవ్వారు. తిండిపోతునని ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆ కాగితం చించేశాను.

'ర' చెక్కడానికి ఆ పిల్లకు నాలుగు రోజులు పట్టింది. అయిపోయిన రోజు నాయన దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి బల్లమీద పెట్టాడు. ఇక ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన మెప్పు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ దంచుతోంది. అమ్మ తడిగుడ్డ కప్పుకుని నేలమీద పడుకుంది. నాయన బెంచీ మీద గురక. పక్కింట్లో విల్లు చప్పుడు కూడా లేదు. నేను బల్ల దగ్గరికి పోయాను. ఆ 'ర' ని చూస్తే ఒళ్ళు మండింది. అవ్వ పెట్టె మూత అది, నాది. చిన్న ఉలి తీసుకుని, తలకట్టు గుండ్రానికి కలిసే మూలలో ఆనించి, గుండ్రాయితో ఒక దెబ్బ కొట్టాను. మొత్తం పగలగొట్టాలనే అనుకున్నాను. ఒక చిన్న పెచ్చు మాత్రం ఎగిరిపడింది. చప్పుడుకు నాయన అటు తిరిగి పడుకున్నాడు. పెచ్చును బుడ్డల పొట్టులో కలిపేసి వెళ్ళి అమ్మ పక్కన కళ్ళు మూసుకుని పడుకున్నాను.

సాయంత్రం నాయన చూశాడు. మా నాయన కొట్టే మనిషి కాదు. ఆయన పనిముట్లు అడగకుండా ముట్టుకుంటే పదిరోజులు మాట్లాడడు, అంతే. నాకు ఆ పదిరోజుల కంటే దెబ్బలే నయం.

"ఎవురు సేసినారు దీన్ని?"

నేను నేల చూశాను. ఆ పిల్ల నన్ను చూసింది. చెక్కను చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నేనే మామా. సెయ్యి జారింది," అంది.

ఇంకో ముక్క చెక్కడానికి టైము లేదు, పొద్దున్నే గొర్రెలవాళ్ళు వచ్చేస్తారు. నాయన మూడు చెక్కలనూ అట్లాగే బిగించి, సిరా పూసి, మొదటి కాగితం తీశాడు. దాన్ని ఎదురు హోటలు గోడకు అంటించి, రోడ్డు ఇవతల నిలబడి చూశాడు. ఇంకా వెనక్కి నడిచి, పప్పులంగడి దగ్గర నుంచి చూశాడు. మేమిద్దరం ఆయన వెనకే నడిచాం.

పలచటి సిరా డి లోని మూలలన్నిటికీ చేరి, ఆరి, ముద్దలు కట్టింది. దూరం నుంచి అది నల్లటి మచ్చ. మూలలే లేని సున్నను పక్కన పెడితే, ర ఒక్కటే స్పష్టంగా ఉంది. గాటు గాటులాగా కనపడనే లేదు. ఆ మూలకు చేరవలసిన సిరాకు చేరడానికి చోటు దొరికింది, అక్షరం విడిగా, తేటగా నిలబడింది.

"ఇదొక్కటే ఊపిరి పీల్చుకుంటాంది పాపా," అన్నాడు నాయన. "ఇన్నేండ్లు ఈ పనిలో ఉండి నాకు తట్టలేదు సూడు."

అని ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. దూది పింజలున్న ఆ తలమీద. నేను పక్కనే ఉన్నాను, ఒక జానెడు దూరంలో. అది నేను చేసింది నాయనా అని గొంతుదాకా వచ్చింది. చెబితే ఎందుకు చేశావంటాడు. ఎందుకు చేశానో చెప్పలేను. ఆ పిల్ల కూడా నిజం చెప్పలేదు. తల వంచుకుని ఆ చెయ్యి బరువును మోసింది.

ఆ సాయంత్రమే డి కి కూడా గాట్లు పడ్డాయి. ఎండాకాలం అయ్యేలోపు అవ్వ పెట్టె మూతంతా గాట్లున్న అక్షరాలైపోయింది. నాటకం ఆడారు, వాన రాలేదు. గుట్టమీద నుంచి కూడా కనపడింది అని గొర్రెలవాళ్ళు చెప్పిపోయారు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. బొమ్మల కాలేజీకి పంపమని వాళ్ళ నాయనను ఒప్పించింది మా నాయనే, వాళ్ళింటి చుట్టూ పదిసార్లు తిరిగి. పై ఊళ్ళలో చదివింది. ఒక పత్రికకు అక్షరాలు గీసింది. సీసం పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు, అందరూ పాత అక్షరాలనే తెర మీదికి ఎక్కించుకుంటుంటే, ఆమె మొదటినుంచీ మళ్ళీ గీసింది. ఆ వరసకు 'దూది' అని పేరు పెట్టి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని వదిలేసింది. దాంతో అది ఊరూరా పాకింది. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు తలా ఒక రకం అక్షరాలు చేస్తున్నారట. ఎక్కడ మాట్లాడినా మూలల్లో వదులు పెట్టాలి అంటుంది. గుట్టమీద గొర్రెలు కాసేవాడికి కనపడాలి అంటుంది. మొదటిది వాళ్ళ నాయనది, రెండోది ఆ పెద్దాయనది. జనం మాత్రం ఆమెకే చప్పట్లు కొడతారు.

నేనేమో బడిపంతులమ్మనయ్యాను. గార్లదిన్నె వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి అక్షరాలు నేర్పించాను. ఒక ఏడు కొత్త వాచకాలు వచ్చాయి. కట్ట విప్పి మొదటి పుస్తకం తెరిచాను. గాటు. పేజీ పేజీకీ గాటు. నా పిల్లలు పలకల మీద ర రాసి, తర్వాత వేలు తడిచేసి ఆ మూలలో చిన్నగా తుడిచి, గాటు పెట్టి తెచ్చేవాళ్ళు. పుస్తకంలో అట్లే ఉండాది గదా మేడమ్ అనేవాళ్ళు. నేను తప్పని కొట్టేసేదాన్ని. మా బళ్ళో ర రాయడానికి పిల్లలకు మూడు నెలలు పట్టేదంటే అది వాళ్ళ తప్పు కాదు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అచ్చాఫీసు మూతపడిన రోజు నాయన సీసాన్ని కరిగించేవాళ్ళకు తూకానికి ఇచ్చేశాడు. చెక్క అక్షరాలను మాత్రం గోనెసంచిలో కట్టి ఆమెకు పంపించాడు. నన్ను అడగలేదు. అవ్వ పెట్టె, మూత లేకుండానే, నాతో అత్తగారింటికి వచ్చింది. నాయన దగ్గర ఆ గాటు మాట నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేదాన్ని. పేపరులో ఆమె గురించి వస్తే ఆ ముక్క వదిలేసి చదివేదాన్ని. ఆయనకు చూపు ఆనదు కాబట్టి తెలియదనుకునేదాన్ని.

నాయన పోయిన పదకొండో రోజు ఆమె వచ్చింది. జుట్టు తెల్లబడి, మళ్ళీ దూది పింజల్లాగే ఉంది. జనం నా దుఃఖం మరిచిపోయి ఆమెతో ఫోటోలు దిగారు. పోయేముందు వంటింట్లోకి వచ్చి, కాగితంలో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టింది. విప్పకుండానే బరువును బట్టి తెలిసింది. ఆ ర.

"ఇది నీ పెట్టెది మే. నీకే సేరల్ల," అంది. ఇంకేదో చెప్పబోయింది. నేను పొయ్యి వైపు తిరిగి కూర కలుపుతూ నిలబడ్డాను. ఆమె పోయాక పొట్లాన్ని విప్పి ఒకసారి ముఖం చూసి, మళ్ళీ చుట్టి, అవ్వ పెట్టె అడుగున పాత చీరల కింద పడేశాను. నా తప్పును నాకే తిరిగిచ్చి గొప్పతనం చూపించుకుంది అనుకున్నాను.

ఇదంతా ఆ పరీక్ష గదిలో కూర్చుని తలచుకున్నాను. డాక్టరమ్మ ఓపిగ్గా నిలబడే ఉంది. చివరికి "ర" అన్నాను. మిగతా వరసలన్నీ చదివాను, కిందిదాకా. చూపు మందగించినవాళ్ళకు ఈ అక్షరాలు తేలిగ్గా ఆనతాయమ్మా, అందుకే పెట్టినాం అంది. ఇక వెంట్రుకంత గీత కూడా కనపడతాది, ఇంటికిపోయి సూడు అంది.

ఇంటికి వచ్చి పెట్టె తీశాను. కొత్త కంటితో నా గాటును ఒకసారి నిజంగా చూడాలనిపించింది. చీరల కింద పొట్లం అట్లాగే ఉంది. చుట్టిన కాగితం మీద ఆమె ఫోను నంబరు రాసి ఉంది, ఆమె చేతి అంకెలు. కిటికీ దగ్గర పెట్టి చూశాను. నా దెబ్బ వంకరగా పడింది. ఆ మొరటు అంచును తర్వాత ఎవరో సన్నగా నున్నగా చేశారు. చేతికి పాత సిరా అంటింది. సీమనూనె ఇప్పుడెక్కడ దొరుకుతుంది. కొబ్బరినూనెలో గుడ్డ ముంచి తుడిచాను. ముందు తుడిచి, వెనక్కి తిప్పి తుడిచాను.

వెనక సిరా నలుపు కింద విల్లు గుర్తు తేలింది. ఆ పిల్లది, చిన్నపిల్ల చేతి గీత, కొంచెం వణికింది. దాని పక్కన ఇంకొకటి తేలింది. లోతుగా, నున్నగా, ఒక్క వణుకు లేకుండా చెక్కింది. రెండు గింజల బుడ్డకాయ. నడుం దగ్గర నొక్కు.

నేను నేలమీద కూర్చుండిపోయాను. ఏడ్చాను, కంట్లో నీళ్ళు పడకూడదని డాక్టరు చెప్పినా. లేచి ఆ నంబరుకు ఫోను చేశాను. రెండోసారికి ఎత్తింది. నా గొంతు గుర్తుపట్టింది.

"ఎనకాల సూసినావా మే?" అంది.

"ఇప్పుడే సూసినా. నీకెప్పుడు తెలుసు?"

"ఆ ఎండాకాలమే. మామ సెక్కుతాంటే సూసినా. నేను కొట్టింటే అట్ల కొట్టనని ఆయనకు తెలీదా." ఆగి మళ్ళీ అంది. "ఆ పొద్దు నిన్ను మాట్లాడించకుండా పోతాడని, నీకోసమే నేనని సెప్పినా. తలమీద సెయ్యి పెట్టినాక నిజం సెప్పబుద్ధి కాలేదు. అది ఒప్పుకోవాలనే మామ పదకొండో దినం మీ ఇంటికొచ్చినా. నువ్వు ఈపు తిప్పుకున్నావు."

ఇంత పేరొచ్చింది గదా, ఇంకేం కావల్ల నీకు అన్నాను. కొంచెం ఎకసెక్కంగానే అన్నాను, అలవాటు పోలేదు.

"నా గుర్తు నేను సెక్కుకున్నా మే," అంది ఆమె. "నీది మీ నాయన సెక్కినాడు. ఇరవై ఏండ్లు ఆ సెక్క నా బల్లమీదే ఉన్న్యాది. దాన్ని ఎనక్కి తిప్పి సూసినప్పుడల్లా నాకు కడుపు మంటే."

ఆమె గొంతులో నవ్వు లేదు. నిజంగానే మండింది ఆమెకు, ఇంకా మండుతోంది. ఆ మంట ఎట్లుంటుందో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు. జాలిపడాల్సింది. పడలేదు. రేపు రా, సంకటి చేస్తా అన్నాను.

ఫోను పెట్టేసి, ఆ చెక్కను గూట్లో నాయన ఫోటో పక్కన నిలబెట్టాను. ముఖం గోడకు, వీపు నాకు కనపడేటట్టు.